ఇరవై గోళ్ళు

ఆ యేడు చలికాలం మొదట్లోనే తోడేళ్ళు బీరయ్య మందకు మరిగాయి. మొదట ఒక పిల్లను ఎత్తుకుపోయాయి. తర్వాత చూడిగొర్రె పోయింది. ఆ తర్వాత ముళ్ళకంచెకు చిక్కుకున్న ఉన్ని తప్ప ఏమీ దొరకలేదు. మంద కాచే ముసలి కుక్క రెండేళ్ళుగా కళ్ళు కనపడక పడి ఉండి, వానాకాలంలోనే పాము కరిచి చచ్చిపోయింది. బీరయ్య గొంగడి కప్పుకుని తానే దొడ్డి చుట్టూ తిరిగేవాడు. నిద్ర లేక అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి.

“కుక్క లేని మంద, తలుపు లేని ఇల్లు ఒక్కటే” అంది భార్య సాలవ్వ. “గిట్లనే ఉంటే ఎండాకాలం నాటికి చేతుల కర్ర మిగుల్తది, కాసేటందుకు గొర్రె మిగలది.”

కుక్కలకు ఊళ్ళో కరువేమీ లేదు. మాచారెడ్డి అవతల ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఇంటికొకటి లెక్కన తిరుగుతుండేవి. కానీ బీరయ్య వాటిని కుక్కల కింద జమకట్టేవాడు కాదు. ఊరకుక్క ముద్ద కాడ మొరుగుతది, మంద కాడ పండుకుంటది అని అతని మాట.

ఆ మాట మీదనే పోయిన యేడు ఒక పని చేశాడు. అంతకు ముందు యేడు గొర్రెలను అమ్మడానికి కామారెడ్డి అంగడికి పోయి వస్తుంటే ఒక నల్లటి ఆడకుక్క వెంట పడి ఊరి దాకా నడిచి వచ్చింది. దాని ఎడమ చెవి నిలువునా చీలి ఉండేది. దొడ్డి బయట పడుకునేది. బీరయ్య కూతురు గంగామణి దానికి రోజూ ఇంత జొన్నగట్క పెట్టి, నల్లగా ఉందని కర్రెది అని పిలిచేది. ఒక యేడు చూసి బీరయ్య దాన్ని మళ్ళీ అంగడి దాకా నడిపించుకుపోయి, అక్కడ రాళ్ళతో కొట్టి తరిమి వచ్చాడు. పక్కనే గంగామణి ఉంది. వద్దు బాపూ అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ పిల్ల మాటలన్నీ అక్కడే ఆగిపోయేవి. పద్నాలుగేళ్ళు వచ్చాయి. స్వామిదాసు పంతులు వసారాలో నడిపే బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. ఎక్కాలు గడగడా రాసేది, అప్పజెప్పమంటే మాత్రం తల దించుకునేది. “నోట్ల నాలుకున్నదా, పిల్లి ఎత్కపోయిందా?” అని తల్లి ఎన్నిసార్లు అడిగినా జవాబు చిన్న నవ్వే.

నిజాంసాగరు కట్టినప్పటి నుంచి ఎల్లారెడ్డి వైపు వేటకు వచ్చే దొరలూ అధికార్లూ ఎక్కువయ్యారు. వాళ్ళ కోసం అక్కడ పురుషోత్తం అనే ఆసామి జాతి కుక్కలను పెంచి అమ్ముతున్నాడని అందరికీ తెలుసు. అతని దగ్గర అన్నీ ఇరవై గోళ్ళ కుక్కలే. మామూలు కుక్కకు ముందుకాళ్ళకు ఐదేసి, వెనకకాళ్ళకు నాలుగేసి, మొత్తం పద్దెనిమిది గోళ్ళు ఉంటాయి. వెనకకాళ్ళకు లోపలివైపు, కాస్త పైన, ఇంకో గోరు ఉన్న కుక్కకే పులిని ఎదిరించే గుండె ఉంటుందని ఆ చుట్టుపక్కల ఊళ్ళ నమ్మకం. అట్లాంటి కుక్కపిల్ల కోసం బీరయ్య మందలో బలమైన పొట్టేలును ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. ఆ పొట్టేలు గంగామణి వెంట తప్ప నడవదు. అందుకని ఆమెను కూడా తీసుకుపోయాడు.

పురుషోత్తం ఇల్లు ఎల్లారెడ్డి ఊరి చివర ఉంది. సున్నం కొట్టిన గోడలు, ఊడ్చి అలికిన వాకిలి. వెనక పెరట్లో వరసగా రెల్లుకప్పు కొట్టాలు. గంగామణి భయపడినట్టు అక్కడ కంపు లేదు, అరుపులూ లేవు. పురుషోత్తం తెల్లటి ధోవతిలో నవ్వుతూ ఎదురొచ్చాడు. అతని భార్య విమలమ్మ ఇద్దరికీ చల్ల ఇచ్చింది.

“మంచి గడియల వచ్చినవ్ బీరయ్యా” అన్నాడు పురుషోత్తం. “ఇయ్యాల పొద్దుగాలనే ఒకటి ఈనింది. ఏరిన పిల్లలు రెండున్నయ్. నీకు నచ్చిన దాన్ని గుర్తు పెట్టుకో. పాలు మరిచినంక వచ్చి తోల్కపో.”

మెత్తటి గుడ్డ పరిచిన చేటలో రెండు పిల్లలు తెచ్చి చూపించాడు. కళ్ళు ఇంకా తెరవలేదు. నేరేడుపండ్లలా నిగనిగలాడుతున్నాయి. అతను ఒకదాని వెనకకాలు ఎత్తి, అగ్గిపుల్ల మొనతో బొచ్చు పక్కకు తీసి చూపించాడు. అక్కడ బియ్యపు నూకంత గోరు.

“కనవడ్డదా? రెండో కాలుకు గూడ ఉన్నది చూడు. ఇరవైకి ఇరవై.”

బీరయ్య ముఖం ఎన్నాళ్ళకో వెలిగింది. “ఏరిన పిల్లలంటే గిట్లుండాలె” అన్నాడు. విత్తనాలకు జొన్న కంకులు ఏరినప్పుడు అతని గొంతు అట్లానే ఉండేది. గంగామణికి కూడా ఆ మాట బాగా నచ్చింది. వేలితో పిల్ల వీపు నిమిరింది. అది వెచ్చగా, తడితడిగా ఉంది.

“బిడ్డా, జర ఇటు రా” అని విమలమ్మ పెరట్లోంచి పిలిచింది. “నా నడుము వంగుతలేదు. నాలుగు బొక్కెన్లు చేది ఆ తొట్ల పొయ్యవా?”

పరాయి ఇంట్లో ఏ పనీ లేకుండా నిలబడటం కంటే గంగామణికి అదే హాయి. చేదబావిలోంచి నీళ్ళు తోడి రాతితొట్టిలో పోసింది. బొక్కెన తొణకకుండా పోస్తుంటే విమలమ్మ మెచ్చుకుంది.

“ఎవరి బిడ్డవో గాని పని తెలిసిన పిల్లవు. మీ అవ్వ పేరేంది?”

“సాలవ్వ” అంది గంగామణి, వినీవినపడకుండా.

“మీ దిక్కు చెరువులు నిండినయా ఈ యేడు?” అని అడుగుతూనే విమలమ్మ గుడ్డ కప్పిన గంపను తెచ్చి తొట్టి పక్కన పెట్టింది. గుడ్డ తీసింది. గంపలో ఇంకో మూడు కుక్కపిల్లలు ఉన్నాయి. చేటలో ఉన్నవాటి లాగే నల్లగా, ఒకదాని మీద ఒకటి పాకుతూ, మూతులతో వెతుక్కుంటున్నాయి.

వాటికి నీళ్ళు పోస్తుంది కాబోలు అనుకుంది గంగామణి. ఈ చలిలో చన్నీళ్ళా అని కూడా అనుకుంది. విమలమ్మ ఒక పిల్లను తీసి తొట్టిలో ముంచింది. చెయ్యి పైకి తీయలేదు.

“మా తమ్ముడు బీబీపేటల ఉంటడు” అంది విమలమ్మ. “ఆడ చెరువు అలుగు పారిందట. మీ దిక్కేమో వానలు తక్కువనిరి.”

ఆమె మోచేతి దాకా నీళ్ళలో ఉంది. తొట్టి అంచున చిన్న చిన్న బుడగలు లేచాయి. తర్వాత అవి కూడా ఆగిపోయాయి. ఆమె చెయ్యి తీసి, దాన్ని పక్కనున్న బూడిదకుప్ప మీద పెట్టి, రెండోదాన్ని తీసుకుంది.

“తేటగున్నయ్ బిడ్డా నువ్వు చేదిన నీళ్ళు” అంది.

గంగామణికి అప్పటికి గాని అర్థం కాలేదు. అర్థమైన తర్వాత కూడా ఆమె కాళ్ళు కదల్లేదు. కంటికి కనిపిస్తున్నది ఒకటి, చెవికి వినిపిస్తున్నది ఒకటి. బియ్యం కడిగేటప్పుడు ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలు అవి. ఆ గొంతులో కోపం లేదు, తొందర లేదు. తన అరచేతుల్లో బావితాడు ఒరుసుకున్న మంట ఇంకా ఉంది. రెండో పిల్ల కూడా బూడిదకుప్ప మీదికి చేరింది. విమలమ్మ చెయ్యి మళ్ళీ గంప మీదికి వచ్చేసరికి గంగామణి ఆ గంపను లాగేసుకుంది.

విమలమ్మ కసురుకోలేదు. పొరపాటున వేరేవాళ్ళ చెంబు తీసుకున్న పిల్లను చూసినట్టు చూసింది.

“అది గాదు బిడ్డా. అది పద్దెనిమిదిది. మీ బాపు కొనేటివి లోపలున్నయ్.”

గంగామణి గంపను కడుపుకు అదుముకుని కొట్టాల వైపు పరిగెత్తింది. బీరయ్యా పురుషోత్తమూ అక్కడే నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. గంపలోని పిల్ల మాత్రం సన్నగా కుయ్యిమంది. ఆ కూతకు చివరి కొట్టంలో గొలుసు గలగలలాడింది. చీకట్లోంచి ఒక నల్లకుక్క గొలుసు సాగినంత మేర ముందుకు వచ్చింది. బొమికలు లెక్కపెట్టేట్టు ఉంది. పొదుగు నేలకు వేలాడుతోంది. ఎడమ చెవి నిలువునా చీలి ఉంది.

అది గంగామణిని చూసి తోక కొస మాత్రం ఆడించింది. తర్వాత పక్కనున్న బీరయ్యను చూసింది. అతని చేతిలోని కర్రను చూసింది. నాలుగు కాళ్ళూ ఒక్కసారే మడిచి, నేలకు కరుచుకుని, ఉన్నచోటే ఉచ్చ పోసుకుంది.

“బాపూ” అంది గంగామణి. ఆ గొంతు తనదేనా అనిపించింది. “మన కర్రెది.”

బీరయ్య అటు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కొట్టంలోకి వంగి, కుక్క వెనకకాలు పట్టుకుని తిప్పాడు. లోపలివైపు, కాస్త పైన, గోరు ఉంది. రెండో కాలుకూ ఉంది.

“ఇది కామారెడ్డి అంగట్ల కుక్క” అన్నాడు లేచి. “మా ఊళ్ళె ఒక యేడు తిరిగింది. అప్పుడు దీనికి గోళ్ళు లేవు!”

పురుషోత్తం పకపకా నవ్వాడు. “గోళ్ళు నా ఇంట్ల మొలుస్తయా బీరయ్యా? పుట్టుకతోనే ఉంటయ్. ఊరకుక్క గోళ్ళు ఎవడన్న లెక్కపెట్టిండా? నా మనిషి అంగళ్ళు తిరిగి లెక్కపెడ్తడు. గదే నా విద్య.”

“అంగట్ల కుక్కను పట్టుకొచ్చి జాతి కుక్క అని అమ్ముతవా? దీని పిల్లకు నేను పొట్టేలు ఇయ్యాల్నా? ఇది మా కుక్క!”

“మీదైతే నిన్ను చూసి గట్లెందుకు వంగింది? కొట్టినోన్ని చూస్తెనే కుక్క గట్ల వంగుతది. నేను దీన్ని ఒక్క దెబ్బ కొట్టలే.”

పురుషోత్తం చెప్పింది నిజమే. కుక్క ఒంటి మీద దెబ్బ లేదు. మెడ చుట్టూ గొలుసు ఒరిసిన చోట మాత్రం బొచ్చు లేదు.

“మరి ఆ పిల్ల? రెండే ఉన్నయంటివి గద” అన్నాడు బీరయ్య, గంప వైపు చూస్తూ.

“ఏరుడంటె గదే గదనయ్యా. మంచివి ఉండాలె, తక్కువవి పోవాలె. తక్కువవాటిని ఊళ్ళెకు ఇడిస్తె రేపు నా పేరే పోతది. నువ్వు గొర్రెలు కాస్తవు, నీకు చెప్పాల్నా? మగపిల్లలన్నిటిని సాకుతున్నవా నువ్వు, కోతకు అమ్మవా?”

బీరయ్య పొట్టేలు కట్టేసి ఉన్న వైపు చూశాడు.

అప్పుడే వాకిట్లో గుర్రబ్బండి ఆగిన చప్పుడైంది. కచేరీ నుంచి ఎవరో పెద్దమనుషులు కుక్కను చూడటానికి వచ్చారు. పురుషోత్తం నవ్వు చప్పున ఆరిపోయింది. గొంతు తగ్గించాడు.

“లొల్లి చెయ్యకు. ఈ ముసలిదానికిది ఆఖరి ఈత, నాకు ఇంకా నాలుగున్నయ్. తల్లిని, మూడు పిల్లలను అన్నీ తోల్కపో. పొట్టేలు కట్టేసి పో. గని ఒక మాట. ఇది ఎల్లారెడ్డి జాతి కుక్క. అంగట్ల కుక్క అని నోరు జారినవో, నేను ఊరుకోను.”

బీరయ్య తల ఊపాడు. గంగామణి బూడిదకుప్ప వైపు చూడకుండా నడిచింది. పొట్టేలు ఆమె వెనకే రాబోయి, తాడు బిగుసుకుని ఆగిపోయింది.

కామారెడ్డికి బెల్లం వేసుకుపోతున్న ముక్తార్ బండి దొరికింది. ముక్తార్ మాటకారి. గంపలో కుక్కపిల్లలను, వాటిని చుట్టుకుని పడుకున్న తల్లిని చూసి, “పొట్టేలు ఇచ్చి కుక్కను తెచ్చుకున్నవా బీరన్నా? ఏ పండుగకు కోస్తవ్?” అని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఎద్దులను అదిలించి, సంగతేమిటని అడిగాడు. బీరయ్య చెప్పాడు.

ముక్తార్ ఎద్దుల పగ్గాలు వదులు చేశాడు. తర్వాత అన్నాడు: “అమ్మేటోన్ని అనేదేమున్నదన్నా. కొనేటోడు గోళ్ళు అడుగుతుండు, వాడు గోళ్ళు అమ్ముతుండు. నువ్వు గూడ గవే అడిగినవు గద.”

“తోడేలు మంద తింటుంటె ఏం జేయాలె?”

“నీ ఇంటి ముంగట ఒక యేడు పండుకున్నది గద ఈ కుక్క. ఆ యేడు తోడేలు వచ్చిందా?”

గంగామణి లెక్కేసుకుంది. ఆ యేడు తోడేలు రాలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తనకు కూడా తట్టలేదు. ఆమె అరచేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. అవి ఎప్పుడో ఆరిపోయాయని తెలుసు.

ఊళ్ళో అడుగుపెట్టగానే కర్రెది ఎవరూ చెప్పకుండానే దొడ్డి దగ్గర తన పాత చోటు వెతుక్కుని పడుకుంది. బీరయ్య కర్రను ఇంటి వెనక పెట్టి, వట్టి చేతులతో దాని ముందు గట్క పెట్టాడు. అతను దూరం జరిగే దాకా అది ముట్టుకోలేదు.

జాతి కుక్క వచ్చిందని తెలిసి ఊరంతా దొడ్డి కాడికి వచ్చింది. పక్కింటి లింగయ్య అందరికంటే ముందు వచ్చాడు. వెనకకాళ్ళు తిప్పి చూసి, కళ్ళకద్దుకున్నంత పని చేశాడు.

“ఎల్లారెడ్డి జాతి అంటె ఆ కళే వేరు. ముఖం చూడుండ్రి, పులి ముఖం!”

పోయిన యేడు ఇదే ముఖం మీద ఇతనే వేడి గంజి పోశాడు. గంగామణికి గుర్తుంది. లింగయ్యకు గుర్తు లేదు. అంతలో ఊళ్ళో తిరిగే బూడిదరంగు కుక్క ఒకటి, గట్క వాసనకు వచ్చి చిప్ప దగ్గర మూతి పెట్టింది. “థూ! జాతి కుక్క చిప్పల నీ మూతా?” అని లింగయ్య డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. అది కేకలు పెడుతూ పోయి కంచెలో పడింది.

గంగామణికి ఏమైందో ఆమెకే తెలియదు. గొంతులో ఎన్నేళ్ళుగానో ఆగిన మాటలు ఒక్కసారే బయటపడ్డాయి.

“ఇది గూడ ఊరకుక్కే! మన కర్రెదే ఇది! జాతి లేదు, ఏం లేదు. అంగట్లకెళ్ళి పట్కపోయిండ్రు. ఊరకుక్కలకు గూడ ఇరవై గోళ్ళుంటయ్. ఎవ్వరు చూడరు, గంతే!”

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం ఊళ్ళో ఎవరూ వినలేదు. బీరయ్య ముఖం మాడిపోయింది, కానీ అవునని తల ఊపాడు. లింగయ్య చీలిన చెవిని చూశాడు. నోరు వెళ్ళబెట్టాడు. గంగామణికి లోపల ఒక సంతోషం. ఇకమీద ఈ ఊళ్ళో కుక్కను తన్నే ముందు ఒక్కసారన్నా ఆలోచిస్తారు అనుకుంది.

తెల్లారి ఆమె నీళ్ళకు పోతుంటే వాడకట్టులో కేకలు వినిపించాయి. ఇద్దరు మగవాళ్ళు కంచె దగ్గర బూడిదరంగు కుక్కను గొంగడి వేసి అదిమి పట్టుకున్నారు. లింగయ్య దాని వెనకకాలు గుంజుతున్నాడు.

“పద్దెనిమిదే! ఇడువుండ్రి దాన్ని.”

విడిచిపెట్టారు. అది పరిగెడుతుంటే వెనక నుంచి రాళ్ళు పడ్డాయి. నిన్నటిదాకా ఊళ్ళో ఒక తన్నుకో ఒక ముద్దకో తిరిగిన కుక్క, ఇప్పుడు లెక్క తేలిన కుక్క. ఊరు దాటే దాకా తరిమారు. లింగయ్య గడపకు మాత్రం కొత్త తాడుతో ఒక ఎర్రకుక్క కట్టేసి ఉంది. దానికి ఇరవై ఉన్నాయట. మెడకు పసుపుగుడ్డ కట్టి, ముందు పాలు పెట్టారు. అది పాలు ముట్టక, తాడు కొరుకుతోంది.

గంగామణి బిందె దించలేదు, నడవలేదు. తాను ఏమన్నది? ఊరకుక్కలకు కూడా ఇరవై ఉంటాయని అన్నది. ఇరవై లేనివాటి సంగతి ఏమీ అనలేదు. ఆమె వదిలేసిన సగాన్ని ఊరు తనకు తోచినట్టు పూర్తి చేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. భూమయ్య గడ్డివాము వెనక ఒక కుక్క ఈని రెండు మూడు రోజులైందట. భూమయ్య పిల్లలన్నిటినీ గంపలో వేసుకుని వచ్చాడు. అతని వెనక లింగయ్య, ముసలి హన్మవ్వ, ఇంకా వాడకట్టు ఆడవాళ్ళూ ఉన్నారు.

“అగో, వచ్చింది” అంది సాలవ్వ. ఆమె ముఖంలో ఎన్నడూ లేని గర్వం. “నోట్ల నాలుక లేదంటిమి. ఇయ్యాల ఊరంత నా బిడ్డ మాట కోసం వచ్చిండ్రు.”

“పిల్లల గోరు నూకంత ఉంటదట గద” అన్నాడు భూమయ్య. “మా కండ్లకు ఆనుతలేదు బిడ్డా. ఏడుంటదో నువ్వే ఎల్లారెడ్డిల చూసినవ్. ఏరి పెట్టు. ఉన్నయి తలా ఒకటి తీసుకుంటం. లేనియి వాగుల కలిపొస్తం.”

ఏరి పెట్టు. ఆ మాట వినగానే గంగామణి చేతులు మోచేతి దాకా చల్లబడ్డాయి. భూమయ్య ఎప్పుడూ చీమను కూడా తొక్కడు. ఎదురుపడితే గంగమ్మా అని పలకరించి, పంచెకొంగున ఉన్న పుట్నాలు పెడతాడు. అదే ముఖం. అదే నవ్వు. విమలమ్మ గొంతు లాగానే అతని గొంతులో కూడా ఏ చెడూ లేదు. ఎల్లారెడ్డి మనుషులు వేరు, మన ఊరివాళ్ళు వేరు అనుకుంది ఇప్పటిదాకా. ఒక్క రోజులో ఊరంతా తొట్టి అయింది.

ఎందుకు చంపాలి అని అడగాలనుకుంది. ముద్ద పెట్టలేకపోతే వదిలేయండి, అవే తిరిగి బతుకుతాయి అని చెప్పాలనుకుంది. వాళ్ళ ముఖాలు చూసింది. తన బాపు కూడా నిన్నటిదాకా ఆ ముఖమే పెట్టుకుని ఉన్నాడు. అతనికి జ్ఞానం రావడానికి ఒక పొట్టేలు, ఇద్దరి కళ్ళ ముందు వంగిపోయిన ఒక కుక్క కావాల్సి వచ్చాయి. వీళ్ళకు అంత తీరిక లేదు. వాగు దగ్గరే ఉంది.

గంగామణి గంప ముందు కూర్చుంది. ఒక పిల్లను తీసి ఒళ్ళో పెట్టుకుంది. తెల్లటిది, ముక్కు మీద మచ్చ ఉంది. వెనకకాలు తిప్పింది. బొచ్చు పక్కకు తీసింది. లోపలివైపు నున్నగా ఉంది. ఏమీ లేదు. రెండో కాలు చూసింది. అక్కడా లేదు.

“ఎన్ని?” అన్నాడు లింగయ్య, మీది మీదికి వంగి.

“ఇరవై.”

లింగయ్య ఆ పిల్లను తన చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కాలు తిప్పి, కళ్ళు చికిలించి చూశాడు. వేలితో తడిమాడు.

“ఏడున్నయ్? నాకు కండ్లవడ్తలేవు. తగుల్తలేవు గూడ.”

బీరయ్య దొడ్డి దగ్గర నుంచి తల ఎత్తి చూశాడు. అబద్ధం అన్నది గంగామణికి ఎప్పుడూ చేతకాదు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించినా ముఖమే చెప్పేసేది. ఆమె లింగయ్య కళ్ళలోకి చూసింది.

“లోపల ఉన్నయ్ మామా. పసిపిల్లలకు పండ్లు లోపలుండి తర్వాత వస్తయ్ చూడు, గట్ల. కొన్నిటికి పుట్టంగనే వస్తయ్, కొన్నిటికి పెరిగినంక వస్తయ్.”

“గట్లుంటదా!” అన్నాడు లింగయ్య. నమ్మలేదు, నమ్మకుండానూ లేడు. “ఎన్నొద్దులకు వస్తయ్ మరి?”

“ఏడాదికి.”

“ఏడాది దాంక ముద్ద పెట్టాల్నా?”

“పెట్టాలె. తన్నొద్దు. తంతే గోరు లోపలనే ఉంటది.”

ఎవరో ఆడామె కిసుక్కున నవ్వింది. లింగయ్యకు కోపం వచ్చింది. “బీరన్నా, నీ బిడ్డ మాతోని ఎకసెక్కాలు ఆడుతున్నదా ఏంది?”

బీరయ్య వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు. లింగయ్య చేతిలోని పిల్లను చూడలేదు, ఆమె వైపు చూడలేదు. “పురుషోత్తం గూడ గదే చెప్పిండు” అన్నాడు నేల చూస్తూ.

“అవునురా” అంది ముసలి హన్మవ్వ, కర్ర మీద గడ్డం ఆనించి. “మా అవ్వ కాలంల గట్లనే అనేటోళ్ళు. లోపలి గోరే అసలు గోరు అనేటోళ్ళు.”

గంగామణి ఉలిక్కిపడి ఆమె వైపు చూసింది. హన్మవ్వ కళ్ళకు పొరలు కమ్మి ఏళ్ళయింది. ఆ కళ్ళలో ఏముందో కనిపించలేదు. నిజంగానే అనేవాళ్ళా, తెలిసే అన్నదా అన్నది ఇంకెప్పటికీ తేలే సంగతి కాదు.

లింగయ్య తెల్లపిల్లను కాసేపు అటూ ఇటూ తిప్పి, పంచెకొంగులో వేసుకున్నాడు. “ఏడాది చూస్త” అన్నాడు, బెదిరించినట్టు. “రాకుంటె అప్పుడు చెప్త.”

భూమయ్య గంపను ముందుకు జరిపాడు. గంగామణి రెండో పిల్లను తీసింది. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట, తన నోట్లోంచేనా అనుకుంది.

“ఇరవై” అంది, వెనకకాలు తిప్పి చూడకుండానే.